అహ్మద్ ఖాలిద్ తౌఫీక్: దెయ్యాలను నమ్మని డాక్టరు కథలు

అందరికీ నమస్కారం.

అరబ్బీలో జిన్నుల కథలకు ఏనాడూ కొదవ లేదు. భయాన్నే నమ్ముకుని ఏళ్ల తరబడి పాఠకుల్ని వెంట తిప్పుకున్న ఆధునిక రచయితలు మాత్రం అరుదు. ఆ దారి వేసినవారు ఈజిప్టులోని తాంతా పట్టణపు వైద్యుడు అహ్మద్ ఖాలిద్ తౌఫీక్ (1962–2018). ఉష్ణమండల వ్యాధుల్లో డాక్టరేటు చేసి, తాంతా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే రాశారు. మొదటి రాతప్రతిని ప్రచురణ సంస్థ పరిశీలకులు పనికిరాదన్నారు. మరో విడత చదివినవారిలో ఈజిప్టు రచయిత నబీల్ ఫారూక్ ఉన్నారు, ఆయన బాగుందన్నారు. అలా 1993లో ‘మా వరా అత్తబీఅ’ (ప్రకృతికి అతీతం) జేబు పుస్తకాలు మొదలయ్యాయి. 2014 దాకా 80 సంచికలు నడిచాయి.

తౌఫీక్ పనితనమంతా కథానాయకుడి ఎంపికలోనే ఉంది. రిఫాత్ ఇస్మాయిల్ రక్తవ్యాధుల నిపుణుడు. బక్కపలచని మనిషి, బట్టతల, పెళ్లి కాలేదు, సిగరెట్లు మానడు, గుండెజబ్బు. జేబులో గుండెనొప్పికి వేసుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర లేనిదే అడుగు వేయడు. పిశాచం ఎదురైతే కొట్టలేడు, పరుగెత్తనూ లేడు. భయం కథ చాలాసార్లు చెడేది ఇక్కడే: నాయకుడు బలవంతుడైతే అది సాహసగాథ అయిపోతుంది. మొదటి పేజీలోనే దెయ్యాన్ని నమ్మేస్తే పాఠకుడికి అనుమానించే పని మిగలదు. రిఫాత్ రోగిని పరీక్షించినట్టే కథను పరీక్షిస్తాడు. జ్వరమా, మందుల ప్రభావమా, మోసమా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్తాడు. చివరికి ఏ కారణమూ మిగలనప్పుడు మనకు వణుకు పుడుతుంది.

ఇంకో చిక్కును ఆయన కావాలనే నెత్తికెత్తుకున్నారు. డెబ్బై ఏళ్ల రిఫాత్ పాత సంగతులు తలచుకుంటూ చెబుతుంటాడు కాబట్టి అతను బతికి బయటపడ్డాడని ముందే తెలుసు. అందుకే ఉత్కంఠ పక్కవాళ్ల మీదికి మళ్లుతుంది.

తొలి పుస్తకంలో రక్తపిశాచి, తోడేలు మనిషి, అంతా యూరప్ సరుకే. నా దృష్టిలో ఆయన సొంత గొంతు వినిపించేది ‘నద్దాహ’ కథలో. రాత్రిపూట నీటి ఒడ్డు నుంచి పేరు పెట్టి పిలిచే ఆడది నద్దాహ. పలికి వెళ్లినవాడు తిరిగి రాడు. గుమ్మాల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న ఊళ్లవాళ్లకు ఈ భయం వేరే వివరించనక్కర్లేదు.

2020లో ఈ జేబు పుస్తకాల వరుస ఆధారంగా నెట్‌ఫ్లిక్స్ తన తొలి ఈజిప్టు సిరీస్ తీసింది. అది చూసి ఆగిపోకండి, 2008 నాటి ‘యుటోపియా’ నవల చదవండి, ఆంగ్లానువాదం ఉంది. అందులో సముద్రతీరాన గోడ కట్టుకున్న ధనికుల కాలనీ, దానికి అమెరికా సైనికుల కాపలా. విసుగెత్తిన కుర్రాళ్లు బయటి పేదల్ని వేటాడి, తెగిన అవయవాన్ని గుర్తుగా తెచ్చుకుంటారు. ఆ పుస్తకంలో ఒక్క దెయ్యమూ లేదు.