ఎవరూ చావని పుస్తకం

సభకు నమస్కారం. సభ అన్న మాటే గానీ వేదిక లేదు, దండలు లేవు, శాలువాలు లేవు. ఎవరి ఇంట్లో వారు ఫోను ఎదురుగా కూర్చుని ఉన్నారు. అధ్యక్షుల వారు నన్ను గురించి కావలసినదానికన్నా ఎక్కువే చెప్పారు కనుక మర్యాదల భాగాన్ని ఇక్కడితో ముగిద్దాం. ఈ రోజు 2020 ఏప్రిల్ 23, ప్రపంచ పుస్తక దినోత్సవం. ఈ కరోనా లాక్‌డౌన్‌లో ఏమి చదవాలి, ఏమి చూడాలి, దేనిని అనుసరించాలి అన్నది నాకు అప్పగించిన అంశం. ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన దానిని కనుక ఒక జాబితా చదివి కూర్చుంటానని మీరు అనుకుని ఉంటారు. జాబితా నా దగ్గర ఉన్నది. అయితే దానికన్నా ముందు, అసలు జాబితాల మీదనే నాకున్న ఫిర్యాదును మీరు వినవలసి ఉంటుంది.

మార్చి 25న, ఉగాది పండుగ నాడు, లాక్‌డౌన్ మొదలైంది. ఆ మధ్యాహ్నం నుంచే మా వారి ఫోనుకు జాబితాలు రావడం మొదలైంది. ఇరవై ఒక్క రోజుల్లో చదవవలసిన నవలలు, తప్పక చూడవలసిన సినిమాలు, అనుసరించవలసిన యూట్యూబ్ ఛానళ్లు. ఆయన హాల్లో కూర్చుని ఒక్కొక్కటీ గట్టిగా చదువుతుంటే నేను వంటింట్లో వింటున్నాను. పనిమనిషి రాదు, ఇంట్లో అందరూ ఇంట్లోనే ఉన్నారు, కాఫీలు, టిఫిన్లు, రెండు పూటలా వంట, మధ్యలో తెచ్చిన కూరగాయలను ఉప్పు నీళ్లలో కడిగి ఆరబెట్టడం. ఈ జాబితాలు రాసినవారందరూ పాఠకుడికి తీరిక దొరికిందని అనుకున్నారు. ఆ తీరిక ఎవరికి దొరికిందో, ఎవరి చేతుల మీదుగా దొరికిందో ఏ జాబితాలోనూ లేదు. ఈ సమావేశంలో ఉన్న మగవారు దయచేసి నొచ్చుకోవద్దు. నొచ్చుకున్నా పరవాలేదు, ముందు వినండి. నెత్తిన మూటలతో రహదారుల వెంట నడిచిపోతున్న వలస కూలీల విషయంలో నేను పుస్తకాల మాట ఎత్తను. వారికి కావలసినది అన్నం, ఇంటికి చేర్చే బండి.

రెండవ సంగతి, పుస్తకాలు ఎక్కడివి? మన గ్రంథాలయాలన్నీ మూతపడి ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మీరు కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నారు; ఈ సంగతి ఎందరికి తెలుసునో నాకు అనుమానమే. ఆ పైసలు మామూలు రోజుల్లోనే గ్రంథాలయాలకు సకాలంలో చేరవు. ఈ విషయం మీద నేను గంటసేపు మాట్లాడగలను, అధ్యక్షుల వారికి ఆ భయం ఉన్నట్లు వారి ముఖం చూస్తే తెలుస్తున్నది, కనుక వదిలివేస్తున్నాను.

మా వృత్తికి గురువు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో రెండవది ప్రతి పాఠకునికీ అతని పుస్తకం ఉండాలని, నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయాలని. ఈ రెండింటినీ కలిపి చూస్తే, వందమందికి ఒకే జాబితా పంపడం సిఫారసు కాదని తేలుతుంది. ఇందుకు నాకు దొరికిన సాక్ష్యం పుస్తకాలలోనిది కాదు.

మా గ్రంథాలయానికి అయిదవ తరగతి పిల్లవాడొకడు వచ్చేవాడు. డిపాజిట్ కట్టినది వాడి నాయనమ్మ. ఆమెకు చదువు రాదు. రాత్రిపూట వాడు చదువుతుంటే ఆమె వినేది. మొదట ఆమె కోసమని నేను ఒక మంచి నవల ఇచ్చి పంపాను. వారం తిరగకముందే వాడు దానిని తెచ్చి బల్ల మీద పెట్టి, "ఎవురూ చావని పుస్తకం ఇమ్మంది మా నాయనమ్మ" అన్నాడు. నవ్వి బీరువా దగ్గరకు వెళ్లిన నాకు అక్కడ నిలబడిన తరువాత గానీ ఆ కోరిక ఎంత కష్టమైనదో తెలియలేదు. మన నవలాకారులు కథానాయికకు క్షయ తెప్పించకుండా నిద్రపోయేవారు కారు. క్షయ లేకపోతే కారు ప్రమాదం, అదీ లేకపోతే గోదావరి. ఒక అరను పూర్తిగా వెతికి చివరకు చందమామ పాత సంచికల బైండు ఒకటి ఇచ్చాను. తరువాతి వారం వాడు మోసుకొచ్చిన అభిప్రాయం ఇది: "ఇందులో రాక్షసులు చస్తన్నారంట గానీ, రాక్షసులైతే పర్లేదంట. ఇట్టాంటిదే ఇంకోటి ఇయ్యండి. పెద్ద కతలైతే నాకు నోరు నొప్పెడతంది." ఆ ఇంట్లో చదివే నోరు ఒకరిది, వినే చెవి ఇంకొకరిది, ఇద్దరికీ సరిపోయేది ఇవ్వాలి. వాడి తండ్రి ఆ ఏడాదే పోయాడని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఇప్పుడు వచ్చిన జాబితాలలో సగానికి పైగా 1947 నాటి ఆల్బర్ట్ కామూ నవల 'ప్లేగు'తో మొదలవుతున్నాయి. అది గొప్ప నవల; నేను కాదనను. కానీ పొద్దున లేచింది మొదలు టీవీలో కేసుల లెక్క వింటున్న మనిషికి దానిని మొదటి పుస్తకంగా చేతిలో పెట్టేవారు ఆ మనిషి ముఖం ఒక్కసారైనా చూసి ఉండరు. ఈ విషయం ఇటలీ రచయిత బొకాచియోకు బాగా తెలుసు. ఆయన 'డెకామెరాన్'లో 1348 నాటి ప్లేగుకు జడిసి ఫ్లోరెన్స్ నగరం విడిచి వెళ్లిన ఏడుగురు యువతులు, ముగ్గురు యువకులు పది రోజులలో ఒకరికొకరు నూరు కథలు చెప్పుకుంటారు. మొదట్లో నగరంలోని మరణాలను ఆయన ఏమీ దాచకుండా వర్ణించాడు. ఆ తరువాత వారు చెప్పుకునే కథలలో ప్లేగు ప్రసక్తి దాదాపుగా లేదు. అయితే వారికి వండిపెట్టడానికి సేవకులు వెంట వెళ్లారు. ఆ సేవకులు ఏమి కథలు చెప్పుకున్నారో ఆయన రాయలేదు.

ఇక నా సిఫారసులకు వస్తాను. వంటింట్లో ఉన్నవారికి చెవితో చదివే పుస్తకం కావాలి; అంటే ఇంట్లో మరొకరు గట్టిగా చదవాలి. హాల్లో కూర్చుని జాబితాలు చదివే గొంతుతో కథ కూడా చదవవచ్చు. ఇందుకు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారిని మించినవారు నాకు కనబడలేదు. ఆయన కథలలోని ఆడవారు మాట్లాడుతుంటే చదివేవారి గొంతు దానంతట అదే మారుతుంది. చదరంగం చుట్టూ నడిచే 'వడ్లగింజలు' పెద్ద కథ. రోజుకు కాస్త చొప్పున చదివితే వినేవారే మరునాడు గుర్తు చేస్తారు. పుస్తకం ఇంట్లో లేనివారికి కథానిలయం ఉన్నది. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన ఆ నిలయం వేలాది తెలుగు కథలను స్కాన్ చేసి తన వెబ్‌సైటులో పెట్టింది. పాత పత్రికల పుటలు యథాతథంగా ఉంటాయి కనుక కథ పక్కన ఆనాటి తలనొప్పి మాత్రల ప్రకటన కూడా కనబడుతుంది. నాకు అదీ ఇష్టమే.

చూడవలసిన వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. దూరదర్శన్‌లో మార్చి 28 నుంచి రామాయణం, డీడీ భారతిలో మహాభారతం మళ్లీ వేస్తున్నారు, పెద్దలు చూస్తున్నారు. పిల్లలకు మాత్రం 1957 నాటి 'మాయాబజార్' చూపించండి. చూపించే ముందు, ఈ సినిమాలో పాండవులు ఎక్కడ కనబడతారో కనిపెట్టమని చెప్పండి. సినిమా అంతా వారి గురించిన మాటే గానీ వారు ఒక్కసారీ తెర మీదకు రారు. అది కనిపెట్టిన పిల్లవాడు ఆ తరువాత ఏ కథనైనా కాస్త కళ్లు తెరిచి చూస్తాడు.

అనుసరించవలసినది ఒక్కటే: ఆరోగ్య శాఖ రోజువారీ బులెటిన్, అదీ రోజుకొక్కసారి. దినపత్రిక ముట్టుకుంటే జబ్బు వస్తుందన్న వాట్సాప్ సందేశాన్ని నమ్మి పత్రిక మానేసినవారు ఈ సమావేశంలోనే ఉన్నారని నాకు తెలుసు. అదే ఫోనును రోజుకు వందసార్లు ముట్టుకుంటున్నారు.

చివరిగా ఒక విన్నపం. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వరకు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. ఊరు గ్రంథాలయానికి రాలేనప్పుడు గ్రంథాలయమే ఊరికి వెళ్లింది. ఇప్పుడు మన కాలువ ఈ ఫోనే. మా పాత పాఠకులలో చూపు తగ్గినవారి నంబర్లు, పిల్లలు దూరదేశాలలో ఉండి ఒంటరిగా మిగిలిపోయినవారి నంబర్లు నా దగ్గర ఉన్నాయి. వారిని అడిగి ఒప్పించాను. రోజుకొక కథ ఫోనులో చదివి వినిపించేవారు కావాలి. వారికి ఏది ఇష్టమో, ఎవరూ చావని కథ కావాలో, చచ్చినా పరవాలేదో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. వీరిలో చాలామంది తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటారు. అప్పటికి డాలస్‌లో సాయంత్రం, కనుక అక్కడి నుంచి వింటున్నవారు తప్పించుకోవడానికి వీలు లేదు. పేరు, వీలైన వేళ రాసి పంపండి. మొదటి పేరు అధ్యక్షుల వారిది రాసుకున్నాను. కాదనదలచుకుంటే వారికి మాట్లాడే అవకాశం ఇప్పుడే ఇస్తున్నాను.