చపాట మిర్చికి ఇప్పపువ్వు తోడు

శ్రోతలకు నమస్కారం.

డల్లాస్‌లో ఉండే మా ఆడబిడ్డ కొడుకు పోయిన చలికాలం హనుమకొండ వచ్చాడు. ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "అత్తా, ఇయ్యాల చిల్లీ చేసుకుందామా?" అన్నాడు. చిల్లీ అంటే మిరపకాయ కదా, దానితో ఏం చేస్తావురా అని అడిగాను. అప్పుడు వివరంగా చెప్పాడు. ఎండుమిర్చి ముద్దలో మాంసం వేసి, సన్నని మంట మీద గంటలకొద్దీ ఉడికించే చిక్కటి కూర అది. టెక్సాస్‌లో దానికి ఎంత గౌరవమంటే, 1977లో దాన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించుకున్నారు. అందులో రాజ్మా వేస్తే అసలు చిల్లీయే కాదని అక్కడి పట్టుదలగలవాళ్లు వాదిస్తారట. వీడు మాంసం మానేసి చాలా ఏళ్లయింది కాబట్టి రాజ్మా, మీల్ మేకర్ వేసుకుని చేసుకుంటాడు.

ఆ రోజు కూర నా చేతుల్లోనే పాడయింది. ఇంట్లో రోజూ వాడే తేజ మిర్చి కారం నాలుగు చెంచాలు వేశాను. పచ్చడికైతే సరిపోయేది. గిన్నెడు తినాల్సిన కూరకు అది మరీ ఎక్కువ. రెండు ముద్దలకే పిల్లవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. విరుగుడుగా చక్కెర వేస్తే కారం కారంగానే ఉంది, తీపి తీపిగానే ఉంది, రెండూ కలవలేదు. అంత దూరం నుంచి వచ్చి ఆశగా అడిగినవాడు పెరుగన్నం తిని లేచాడు. ఆ బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. చిల్లీకి కావాల్సింది మంట కాదు, మిరపకాయ రంగు, గుజ్జు, వాసన. ఆ మూడూ ఉన్న కాయ మన దగ్గరే పండుతోంది, వరంగల్ చపాట. పొట్టిగా, లావుగా టమాటలా ఉంటుంది కాబట్టి టమాట మిర్చి అని కూడా అంటాం. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పంటేనని తెలిపే ముద్ర, వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌లో చపాట బస్తా విప్పితే ఆ ఎరుపు మీద నుంచి చూపు తిప్పుకోలేం. ఆవకాయకు రంగు రావాలని ఏటా కొంటాం కానీ, దాన్నే కూరగా వండుకోవచ్చని నాకెప్పుడూ తోచలేదు.

ఇక తీపి సంగతి. అమెరికాలో కొందరు చిల్లీలో కోకో పొడి వేస్తారు, కొందరు బెల్లంలాంటి చక్కెర వేస్తారు. ఏటూరునాగారంలో ఉండే మా చెల్లె ఎండాకాలంలో వస్తూ ఎండిన ఇప్పపువ్వు తెచ్చింది. అడవిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్ల కింద రాలిన పూలను ఒక్కొక్కటిగా ఏరి, ఎండబెట్టి దాచుకుంటారు. రాలినప్పుడు మీగడ రంగులో, ద్రాక్షపండంత నిండుగా ఉన్న పువ్వు ఎండితే ముడుచుకుని కిస్‌మిస్ రంగుకు వస్తుంది. నోట్లో వేసుకుంటే ముందు బెల్లంలా, తర్వాత కాస్త పొగ వాసనతో, చివర్లో ఓ చిన్న వగరు. ఆ వగరు తగలగానే నాకు చిల్లీ గుర్తుకొచ్చింది. ఇప్పపువ్వు అనగానే చాలామందికి సారాయే గుర్తొస్తుంది. కానీ ఆదివాసీల ఇళ్లలో అది తిండి. ఉట్నూరు వైపు ఆడవాళ్లు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

ఇప్పుడు ఎలా చేయాలో చెబుతాను. పావుకిలో రాజ్మా రాత్రే నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించండి. సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి కాబట్టి ఇక్కడ తొందర వద్దు. టమాటలు కూడా ముందే వేయకండి, పులుపు తగిలితే గింజ మెత్తబడదు.

పది చపాట కాయలకు తొడిమలు, గింజలు తీసేసి వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. పిడికెడు ఇప్పపువ్వును నలిపి, లోపలి కేసరాలు దులిపేసి, గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడగండి. ఇసుక ఉంటే పంటి కిందికి వస్తుంది. ఉత్త మూకుడులో వాసన వచ్చేదాకా వేయించి, కాయలతో కలిపి మెత్తగా రుబ్బండి. ఆ ముద్ద ముదురు ఎరుపులో, వెన్నలా జారుతూ వస్తుంది.

గంజులో నూనె పోసి, మూడు ఉల్లిగడ్డలు, పది ఎల్లిగడ్డ రెబ్బలు బాగా వేగనివ్వండి. వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, చిటికెడు వాము వేయండి. తర్వాత ఆ ముద్ద వేసి నూనె తేలేదాకా కలుపుతూనే ఉండండి. చిల్లీ రుచంతా ఈ పది నిమిషాల్లోనే వస్తుంది. అరకిలో టమాటలు, వేడినీళ్లలో నానబెట్టి పిండి చిదిపిన ఒక కప్పు మీల్ మేకర్, గుప్పెడు మక్క గింజలు, ఉడికిన రాజ్మా, ఉప్పు వేసి సన్నని మంట మీద ముప్పావుగంట ఉంచండి. గరిటె నిలబడేంత చిక్కబడితే దించుకోవచ్చు.

మాకు జొన్నరొట్టెతో బాగా నచ్చింది, పక్కన కాస్త గడ్డపెరుగు. ఎవరికైనా కారం తగిలితే నీళ్లివ్వకండి, మిరప మంట నీళ్లలో కరగదు. పెరుగు పెట్టండి. అన్నట్టు మిరప, టమాట, రాజ్మా, మక్క, ఈ నాలుగూ అమెరికా ఖండాల నుంచే వచ్చిన పంటలు. ఈ గంజులో పుట్టుకతో మన అడవిది ఇప్పపువ్వు ఒక్కటే.

మళ్లీ డిసెంబరులో వస్తానని పిల్లవాడు ఫోన్ చేశాడు. రెండు కిలోల చపాట తొడిమలు తీసి ఎండబెట్టి పెట్టాను. చెల్లె తెచ్చిన ఇప్పపువ్వులో ఇంకా సగం డబ్బా ఉంది, తడి తగలకుండా మూత గట్టిగా బిగించి పై అరలో దాచాను.