జూమ్ లింకు తెరుచుకోకపోతే? ఐడీ, పాస్‌కోడ్‌తో ఊళ్లోవాళ్లని గృహప్రవేశానికి కలిపే పద్ధతి | డాలస్ తెలుగు వ్లాగ్

నమస్తే అండీ! శ్రావణమాసం దగ్గరపడిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో గృహప్రవేశాలు, వరలక్ష్మీ వ్రతాలు, సత్యనారాయణ వ్రతాలు వరసపెట్టి మొదలవుతాయి. పీటల మీద కూర్చునేవాళ్లు ఇక్కడ, దీవించాల్సిన పెద్దవాళ్లు గుంటూరులోనో కరీంనగర్‌లోనో. మధ్యలో ఉండేది జూమ్ వీడియో కాల్. ముహూర్తానికి పది నిమిషాల ముందు ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: "లింకు నొక్కితే ఏదో అడుగుతోందిరా!"

ఆ అడిగేది పాస్‌కోడ్. మీకొచ్చిన జూమ్ లింకుని ఓసారి చివరిదాకా చూడండి. ప్రశ్నార్థకం గుర్తు తర్వాత పీడబ్ల్యూడీ అని ఉండి, దాని పక్కన పొడుగాటి తోకలా అక్షరాలుంటాయి. పాస్‌కోడ్ ఆ తోకలోనే దాగుంటుంది, అందుకే లింకు నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది. ఎవరో సగం కాపీ చేసి ఫార్వర్డ్ చేశారనుకోండి, తోక తెగిపోయి లింకు మాత్రం మిగులుతుంది. అప్పుడిక చేత్తో కొట్టాల్సిందే.

లింకుతో ఇంకో తిప్పలు కూడా ఉంది. వాట్సాప్ మావయ్యగారి ఫోన్లో ఉంటుంది, ఆయన చూడాలనుకునేది మనవరాలి ట్యాబ్‌లో. లింకుని ఫోన్లో చదివి చెప్పడం ఎవరివల్లా కాదు. మీటింగ్ నంబరు, అంటే ఐడీ, దాంతోపాటు పాస్‌కోడ్ అయితే మామూలు కాల్ చేసి చెప్పొచ్చు, ఆయన క్యాలెండర్ వెనక పెన్నుతో రాసుకోవచ్చు. అందుకే ఇవాళ్టి వీడియో మొత్తం దీని మీదే.

ఇదిగో, టేబుల్ మీద రెండు ఫోన్లు పెట్టా. ఎడమవైపుది మీటింగ్ పెట్టినవాళ్లది, అంటే హోస్ట్‌ది. కుడివైపుది అమ్మమ్మగారి ఫోన్ అనుకోండి. జూమ్ యాప్ తెరవగానే సైన్ అప్, సైన్ ఇన్ అని కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. మీటింగ్‌కి రావడానికి మామూలుగా అకౌంట్ అక్కర్లేదు. చాలామంది ఇక్కడే ఈమెయిలు, పుట్టిన సంవత్సరం, ఓటీపీ అంటూ పావుగంట తగలేస్తారు. "జాయిన్ ఎ మీటింగ్" అన్నదొక్కటే నొక్కండి.

ఇప్పుడు రెండు గళ్లు వస్తాయి. పై గడిలో మీటింగ్ ఐడీ. షెడ్యూల్ చేసిన మీటింగ్‌కి సాధారణంగా 11 అంకెలుంటాయి, మెసేజ్‌లో మూడు, నాలుగు, నాలుగుగా విడగొట్టి కనిపిస్తాయి. హోస్ట్ తన సొంత పర్సనల్ ఐడీ వాడితే 10 అంకెలు కూడా ఉండొచ్చు. మధ్యలో ఖాళీలు మీరు కొట్టక్కర్లేదు, యాపే వేసుకుంటుంది. ఫోన్లో చదివి చెప్పేటప్పుడు ఆ విడగొట్టిన తీరులోనే చెప్పండి: మూడు చెప్పి ఆగండి, నాలుగు చెప్పి ఆగండి, మళ్లీ నాలుగు. "డబుల్ సిక్స్, ట్రిపుల్ ఫోర్" అనే అలవాటు ఇక్కడ మానుకోవాలి. అవతల రాసుకునేవాళ్లు కళ్లజోడు సర్దుకునేలోపు లెక్క తప్పుతుంది. ఇంగ్లీషులో ఫైవ్, నైన్ కూడా సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో ఐదు, తొమ్మిది అనండి, గొడవే లేదు.

కింది గడిలో పేరు. దీన్ని చిన్నచూపు చూడకండి. చాలా ఫోన్లలో ఆ గడిలో ఫోన్ మోడల్ పేరే ముందుగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే హోస్ట్‌కి "రెడ్‌మీ నోట్" ఎవరో లోపలికి రమ్మంటున్నట్టు కనిపిస్తుంది. ఎవరో తెలియనివాళ్లని ఎవరు రానిస్తారు? "పెద్దత్తయ్య, తెనాలి" అని పెడితే చూసిన క్షణంలో లోపలికి పిలుస్తారు.

జాయిన్ నొక్కాక పాస్‌కోడ్ అడుగుతుంది. గొడవలన్నీ ఎక్కువగా ఉండేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. పాస్‌కోడ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరువేరు. ఫోన్ కీబోర్డులు కొన్ని మొదటి అక్షరాన్ని వాటంతటవే పెద్దది చేసేస్తాయి, మనం గమనించం. సున్నాకీ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా కంటికి ఆనదు. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ, ఈ మూడూ పక్కపక్కన పెడితే మనకే అనుమానమొస్తుంది, డెబ్బై ఏళ్లవాళ్లని ఏమంటాం. అమ్మమ్మగారు వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసే అలవాటున్నవాళ్లయితే కీబోర్డు తెలుగులోనే నిలిచిపోయి ఉంటుంది. కింద భూగోళం బొమ్మ నొక్కి ఇంగ్లీషుకి మార్చాలి. మెసేజ్‌లోంచి కాపీ చేసి అతికించేవాళ్లకి ఇంకోటి: చివర్లో ఒక ఖాళీ కూడా కలిసొస్తే పాస్‌కోడ్ తప్పనే అంటుంది. చూడ్డానికి అంతా కరెక్టుగానే ఉంటుంది, అదే చిక్కు. చివరికెళ్లి ఒకసారి చెరిపే బటన్ నొక్కి చూడండి.

వీటన్నిటికీ మందు హోస్ట్ చేతిలోనే ఉంది. మీటింగ్ షెడ్యూల్ చేసేటప్పుడు జూమ్ తనంతట తాను ఇచ్చే పాస్‌కోడ్‌లో అక్షరాలూ అంకెలూ కలిసి ఉండొచ్చు. దాన్ని చెరిపేసి మీకిష్టమైనది పెట్టుకోవచ్చు, 10 అక్షరాల దాకా పడుతుంది. కుటుంబ కార్యక్రమానికి ఉత్త అంకెలతో, ఆరంకెలది పెట్టండి. నోటితో చెప్పడానికి సుళువు, కీబోర్డు భాషతో పనిలేదు. 123456 మాత్రం వద్దండీ, ఇంటి నంబరూ వద్దు.

పాస్‌కోడ్ దాటాక కెమెరా చూపిస్తుంది, వీడియోతో రావాలా వద్దా అని అడుగుతుంది. ఆ తర్వాత "హోస్ట్ లోపలికి పిలిచేదాకా ఆగండి" అని వస్తే అది వెయిటింగ్ రూమ్. ఏదో తప్పు జరిగిందనుకుని వెనక్కొచ్చేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది. ముందే చెప్పి ఉంచండి: ఆ మాట కనిపిస్తే ఫోన్ పక్కన పెట్టేసి కూర్చోవడమే.

ఈ వెయిటింగ్ రూమ్ గురించి నా మాట కొంచెం గట్టిగానే చెప్తా. 2020లో కరోనా రోజుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు మీటింగుల్లోకి చొరబడి అల్లరి చేస్తున్నారని, ఆ ఏప్రిల్‌లో జూమ్ పాస్‌కోడ్‌నీ వెయిటింగ్ రూమ్‌నీ చాలా అకౌంట్లకి ముందునుంచే ఆన్ చేసి ఉంచడం మొదలెట్టింది. మంచిదే. కానీ గృహప్రవేశంలో హోస్ట్ ఎవరు? పీటల మీద కూర్చున్న ఇంటాయన. చేతిలో పంచపాత్ర, ఎదురుగా పంతులుగారు. గంట తర్వాత చూస్తే వెయిటింగ్ రూమ్‌లో పదిహేనుమంది చుట్టాలు తలుపు బయటే ఉంటారు. పాస్‌కోడ్ ఎలాగూ ఉంది కాబట్టి ఇంటి కార్యక్రమానికి వెయిటింగ్ రూమ్ తీసేయండి. తీయడం ఇష్టం లేకపోతే పీటల మీద కూర్చోని మనిషిని, తమ్ముడో మరదలో, ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టి "మేక్ హోస్ట్" నొక్కి వాళ్లకి అప్పగించండి. ఐడీ, పాస్‌కోడ్ ఉన్న ఫొటోని వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టొద్దు. కుటుంబం గ్రూపు వరకే.

లోపలికొచ్చాక అందరికీ తగిలే రాయి ఆడియో. బొమ్మ కనిపిస్తుంది, మాట వినిపించదు. ఐడీ తప్పు కాదు, పాస్‌కోడ్ తప్పు కాదు. కింద మూల హెడ్‌ఫోన్ బొమ్మతో "జాయిన్ ఆడియో" అని ఉంటే ఇంకా శబ్దానికి కనెక్ట్ అవ్వలేదన్నమాట. అది నొక్కి "వైఫై ఆర్ సెల్యులార్ డేటా" ఎంచుకోవాలి. హెడ్‌ఫోన్ పోయి మైకు బొమ్మ వస్తే పనయిపోయినట్టే. మైకు మీద అడ్డగీత ఉంటే మీ మాట అవతలివాళ్లకి వినపడదు, వాళ్ల మాట మీకు వినపడుతుంది. పూజ జరుగుతున్నంతసేపూ ఆ గీత ఉండటమే మేలు. ఇంకోటి, ఒకే హాల్లో అత్తయ్యగారు ఫోన్లో, మావయ్యగారు ట్యాబ్‌లో చేరితే గుయ్యిమని అరుస్తుంది. ఒకదాంట్లో అసలు ఆడియో కనెక్టే చేయకండి.

హోస్ట్ వైపు కూడా ఒక శబ్దం సంగతుంది, ఇది ఎక్కువమందికి తెలియదు. జూమ్ మనిషి గొంతుని తప్ప మిగతావాటిని రొదగా లెక్కేసి అణిచేస్తుంది. హారతి గంట, శంఖం, సన్నాయి, ఇవన్నీ తెగిపోతూ వినిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్‌లోకెళ్లి ఆడియోలో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఎంచుకోండి. తర్వాత మీటింగ్‌లో స్క్రీన్ పైభాగాన ఒరిజినల్ సౌండ్ అని బటన్ వస్తుంది, దాన్ని ఆన్ చేయాలి. గంట గంటలాగే వినిపిస్తుంది.

ఇక టైము. జూమ్ ఆహ్వానంలో హోస్ట్ ఉన్న ఊరి టైము పడుతుంది. డాలస్‌లో ఆదివారం పొద్దున 9:30కి ముహూర్తమంటే, ఎండాకాలం గడియారంలో ఇండియాకి రాత్రి 8:00. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి జరిపాక అదే 9:30 అక్కడ రాత్రి 9:00 అవుతుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఇండియా గడియారం కదలదు, మనదే ఊగుతుంది. న్యూజెర్సీవాళ్లకి తేడా తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. కాలిఫోర్నియాకి పన్నెండున్నర, పదమూడున్నర. సాయంత్రం కార్యక్రమమైతే తేదీ కూడా మారుతుంది: ఎండాకాలంలో ఇక్కడ శనివారం రాత్రి 8:00 అంటే అక్కడ ఆదివారం ఉదయం 6:30. కాబట్టి జూమ్ ఇచ్చిన ఆహ్వానాన్ని ఉన్నదున్నట్టు పంపకండి. మీరే తెలుగులో నాలుగు లైన్లు రాయండి. మొదటి లైన్లో ఇండియా టైము, వారంతో సహా. రెండో లైన్లో ఐడీ. మూడో లైన్లో పాస్‌కోడ్ ఒక్కటే, దాని తర్వాత చుక్క కూడా వద్దు, అది కూడా కొట్టేస్తారు. చివర్లో లింకు.

ఏవైనా మెసేజులు వస్తే? "ఇన్‌వాలిడ్ మీటింగ్ ఐడీ" అంటే ఒక అంకె తప్పయినా అయ్యుండాలి, ఐడీ కాలం తీరిపోయైనా ఉండాలి. ఒక్కసారికని షెడ్యూల్ చేసిన ఐడీ ఆ తేదీ దాటాక 30 రోజులకి పోతుంది. అప్పటికప్పుడు పెట్టిన మీటింగ్ ఐడీ అయితే మీటింగ్ ముగియగానే చెల్లదు. వాట్సాప్‌లో వెతికి పోయినేడాది వ్రతం మెసేజ్ పట్టుకుంటే జరిగేది ఇదే. పాస్‌కోడ్ తప్పు అంటే మాత్రం సంతోషించండి, ఐడీ కరెక్టన్నమాట. హోస్ట్ ఇంకా మొదలుపెట్టలేదని వస్తే టైము ముందొచ్చారు, ఆగండి. యాప్ అప్‌డేట్ చేయమని మొండికేస్తే అది పాతదన్నమాట. చాలా పాతదైతే అప్‌డేట్ చేసేదాకా రానివ్వదు. ఫోన్ నిండా గుడ్ మార్నింగ్ ఫొటోలుంటే అప్‌డేట్‌కి చోటు కూడా దొరకదు. ఈ పని ముందురోజే చూసుకోవాలి. అదేరోజు బ్రౌజర్‌లో జూమ్ డాట్ యూఎస్ స్లాష్ టెస్ట్ తెరిస్తే మైకు, స్పీకరు పరీక్ష చేసుకోవచ్చు, హోస్ట్ అక్కర్లేదు. ఐడీ గడిలో అక్షరాల కోడ్ కొట్టబోతున్నారంటే అది గూగుల్ మీట్‌ది. మూడు, నాలుగు, మూడుగా చిన్న అక్షరాలుంటాయి. జూమ్‌లో పడదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కి కూడా ఐడీ, పాస్‌కోడ్ ఉంటాయి, వాటిని టీమ్స్‌లోనే కొట్టాలి.

నెట్ సంగతి క్లుప్తంగా. మంచి వీడియోకి ఒక్కో వైపు సెకనుకి 600 కిలోబిట్లు అనుకుంటే రెండు వైపులా కలిపి గంటకి 540 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో రెండు గంటలు లాగొచ్చు. అమ్మమ్మగారు తన వీడియో ఆపేసుకుంటే సగం మిగులుతుంది. మరీ సిగ్నల్ లేని ఊరైతే, ఆహ్వానంలో ఫోన్ నంబర్లు ఉన్నప్పుడు మామూలు కాల్ కూడా చేయొచ్చు: ఐడీ కొట్టి హ్యాష్, పార్టిసిపెంట్ ఐడీ అడిగితే ఉత్త హ్యాష్, పాస్‌కోడ్ కొట్టి హ్యాష్. మైకు తీయడానికీ వేయడానికీ స్టార్ 6. కాల్ ఛార్జీ మాత్రం ముందు కనుక్కోండి.

ఉచిత అకౌంట్‌లో మీటింగ్ 40 నిమిషాలే, మనుషులు 100 మందే. సత్యనారాయణ వ్రతం కథ అయిదు అధ్యాయాలు, పూజతో కలిపితే 40 నిమిషాల్లో తేలేది కాదు. మూడో అధ్యాయం మధ్యలో అందరూ బయటపడితే ఏం బావుంటుంది? ఆ ఒక్క నెలకి డబ్బు కట్టే ప్లాన్ తీసుకోండి, లేదా రెండో మీటింగ్ ముందే పెట్టి దాని ఐడీని కూడా అదే మెసేజ్‌లో "ఆగిపోతే ఇది" అని రాయండి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి ఐడీ అడిగితే వాట్సాప్‌లో వెతుక్కోనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ ఎడమవైపు పైన ఆకుపచ్చ డాలు బొమ్మ నొక్కితే ఐడీ, పాస్‌కోడ్, లింకు మూడూ కనిపిస్తాయి.

అయిపోయాక హోస్ట్ నొక్కాల్సింది "ఎండ్ మీటింగ్ ఫర్ ఆల్". "లీవ్" నొక్కితే హోస్ట్ పని ఇంకొకరికి అప్పజెప్పి మీరొక్కరే బయటికొస్తారు, మీటింగ్ నడుస్తూనే ఉంటుంది. ఏదీ నొక్కకుండా ల్యాప్‌టాప్‌ని అలాగే వదిలేసి వడ్డనకి వెళ్లిపోయారో, ఏ చుట్టం ఏం చదివించారన్న లెక్కలన్నీ తెనాలి పెద్దత్తయ్యగారు ప్రత్యక్షప్రసారంలో వింటారు.