ఏ పనికైనా ఒక ఆసు ఉంటుంది
(నల్లగొండలో ఇంటర్ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దటి పనులు వదులుకుని వచ్చిన తల్లిదండ్రులకు ముందుగా దండాలు. బిడ్డలారా, మీకు సరిపోయే పనిని ఎట్లా వెతుక్కోవాలో చెప్పమని మీ ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. నేను భూములు కొలిచే సర్వేయర్‌ని. పెద్ద చదువులు చదివినవాణ్ని కాదు. గట్ల మీద తిరుగుతూ నేర్చుకున్నదే మీకు చెప్తాను.

మాది పుట్టపాక పక్కన ఊరు, చేనేత ఇల్లు. తేలియా రుమాలు పేరు మీరు వినే ఉంటారు, నూనె పట్టించిన నూలుతో నేసే గుడ్డ అది. పుట్టపాకలో నేసే ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షాపులో చీర చూసేవాళ్లు రంగు చూస్తారు, అంచు చూస్తారు, ధర అడుగుతారు. ఆసు గురించి అడిగినవాళ్లను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

మగ్గం ఇళ్ల పిల్లలకు ఆసు అంటే తెలుసు. మిగతావాళ్లకు చెప్తాను. ఒక చెక్క మీద ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రంలా వరసగా మేకులు ఉంటాయి. దారం పట్టుకుని చెయ్యి అటు పోవాలి, ఇటు రావాలి. పోగు మీద పోగు, వేల సార్లు. అదయ్యాకే చిటికీ కట్టడం (రంగు అంటకూడని చోట పోగులకు కట్లు వెయ్యడం), రంగులద్దడం, నెయ్యడం. మా ఇంట్లో ఆసు పోసేది అమ్మే. సాయంత్రానికి ఆమె కుడి చెయ్యి పైకి లేచేది కాదు. జడ వేసుకోవడానికి అక్కను పిలిచేది. రాత్రి పెనం మీద గుడ్డ వేడి చేసి భుజానికి కాపడం పెట్టడం నా పని. ఆ గుడ్డ వాసన నాకింకా గుర్తుంది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు కూడా తల్లి భుజం నొప్పి చూస్తూనే పెరిగారు. ఆయన చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. తల్లి చెయ్యి చేసే పనిని యంత్రంతో చేయించాలని ఏళ్ల తరబడి కష్టపడ్డారు. చేతిలో డబ్బు లేదు, నేర్పేవాళ్లు లేరు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా అమ్మ ఆ యంత్రాన్ని మొదటిసారి చూసి, దాని ముందు చాలాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుంది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఏ పనికైనా ఒక చీర ఉంటుంది, ఒక ఆసు ఉంటుంది. మనం చీరను చూసి ఇష్టపడతాం. బతుకంతా చెయ్యాల్సింది మాత్రం ఆసు.

డాక్టర్ అంటే తెల్లకోటు కనిపిస్తుంది. ఒకే రకం జ్వరంతో వచ్చిన అరవయ్యో మనిషిని కూడా మొదటి మనిషిని చూసినంత శ్రద్ధగా చూడటం ఆ పనిలోని ఆసు. సాఫ్ట్‌వేర్ అంటే ఏసీ ఆఫీసు కనిపిస్తుంది. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌లో తప్పు ఎక్కడుందో రాత్రంతా వెతకడం దాని ఆసు. లాయరుకు వాయిదాలు, టీచరుకు దిద్దాల్సిన పేపర్ల కట్టలు. అందుకే "నీకేం ఇష్టం?" అని నేను పిల్లల్ని అడగను. పదిహేడేళ్లకు ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం తప్పేం కాదు. ఏ పనిలో విసుగును నువ్వు ఓర్చుకోగలవు? ఇది అడుగుతాను. దీనికి జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదు, వెళ్లి చూడాల్సిందే.

నాకు అది ఆలస్యంగా తెలిసింది. డిగ్రీ అయ్యాక అందరూ పోతున్నారని నేనూ హైదరాబాద్ పోయి ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. అమ్మ చెవి కమ్మలు అమ్మి ఫీజు కట్టింది. రెండేళ్లు చదివినా ఉద్యోగం రాలేదు. చదువుతున్న రోజుల్లో కూడా ఆ ఉద్యోగంలో చేరాక పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో నాకు తెలియదు. సెంటర్ వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊరికి తిరిగొచ్చి ఎవరికీ ముఖం చూపించలేక ఇంట్లోనే ఉండేవాణ్ని.

ఆ ఎండాకాలం మా ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములకు గట్టు పంచాయితీ వచ్చింది. కొలవడానికి ఒక పెద్ద సర్వేయర్ వచ్చారు. గొలుసు పట్టేవాడు రాలేదు. ఆయన నన్ను చూసి "ఏం బిడ్డా, జెర గొలుసు పడ్తవా?" అన్నారు. పట్టాను. ముప్పై మూడు అడుగుల గొలుసు. ఇటు ఒక గొలుసు, అటు ఒక గొలుసు కొలిస్తే ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. తుమ్మముళ్లు, నెత్తి మీద ఎండ, వెనక అన్నదమ్ముల తిట్లు. ఆయన చేతిలో పాత టిప్పన్ నకలు ఉంది. టిప్పన్ అంటే వెనకటి సర్వేలో కొలతలు రాసిన పటం. దాన్ని చూసి, కొలిచి, ఒకచోట కాలితో గీత గీసి "ఇక్కడ తవ్వు" అన్నారు. ఏమీ లేని చెలక అది. రెండడుగులు తవ్వేసరికి గడ్డపార ఖంగుమంది. మట్టి తీస్తే పాత హద్దురాయి. తిట్లు ఆగిపోయాయి. తమ్ముడు వంగి రాయిని చేత్తో తుడిచాడు.

అప్పుడు టైమ్ మూడున్నర. పొద్దుట్నుంచి నేను అన్నం తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. రెండేళ్ల కోచింగ్‌లో ఒక్కరోజు కూడా నాకు అట్లా జరగలేదు. ఆ మర్నాడు మళ్లీ వెళ్లాను, ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. లెక్క తప్పితే మొదటి నుంచి మళ్లీ కొలవడం ఈ పనిలో ఆసు. ఆ మళ్లీ కొలవడం నాకు బరువనిపించలేదు. ఇప్పుడు గొలుసు పోయి శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే మిషన్లు వచ్చాయి. అయినా ముళ్లు అవే, తిట్లు అవే.

మా వాడకట్టులో ఒకమ్మాయి నర్సు అవుతానని పట్టుబట్టింది. వాళ్ల పిన్ని స్టాఫ్ నర్సు. అమ్మాయి రెండు రాత్రులు పిన్ని డ్యూటీ చూసొచ్చింది. "అంకుల్, ఏడ్చేవాళ్లను చూసి తట్టుకోవడం నా వల్ల కాదు. కానీ మందుల గదిలో తేదీలు చూసి సర్దుతుంటే ఎంతసేపైనా ఉండాలనిపించింది" అంది. ఇప్పుడు బీఫార్మసీ చదువుతోంది. ఆ రెండు రాత్రులు లేకపోతే నాలుగేళ్లు పోయేవి.

తల్లిదండ్రులకు ఒక మాట. "ఇష్టం అనేది కడుపు నిండినోళ్లకు" అని మీరు మనసులో అనుకుంటూ ఉండొచ్చు. ఆ మాటలో నిజం ఉంది. మన పక్క పాలమూరు నుంచి ఎంతమంది మూట కట్టుకుని పోయి, దేశం నలుమూలలా డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టలేదు? నీకేం పని సరిపోతుందని వాళ్లను ఎవరూ అడగలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. ఇంత కష్టపడి చదివిస్తున్నారు కాబట్టే చెప్తున్నాను, ఫీజు కట్టేముందు బిడ్డను ఒక్క వారం ఆ పని దగ్గరికి పంపండి. అప్పు తెచ్చి కట్టేవాళ్లు తప్పకుండా పంపండి. పక్కింటి పిల్ల ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకుతో మీ బిడ్డను పోల్చకండి. రాత్రి అన్నం దగ్గర పిల్లలు దానికి ఎంత కుమిలిపోతారో మీకు తెలియదు.

ఇక దారుల సంగతి. ఇప్పుడు ఎంచుకున్నది జీవితాంతం తాళం వేసినట్టేం కాదు. పాలిటెక్నిక్ చేసినవాళ్లు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. లా చదవాలనుకుంటే ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు ఉంది, డిగ్రీ తర్వాత మూడేళ్లది ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. భూముల రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టం వచ్చాక 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్ల శిక్షణకు దరఖాస్తులు పిలిచారు. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్లకు కూడా అవకాశం ఇచ్చారు. నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఎవరి దగ్గరికి పోవాలో తెలియనివాళ్లు మీ బంధువుల్లో, వాడకట్టులో వెతకండి. ఎవరైనా సరే, రోజూ ఒక పని చేస్తున్నవాళ్లు చాలు. జీతం ఎంతని అడగకండి, చెప్పరు. "నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం చేసినవ్?" అని అడగండి. గంట గంటకూ చెప్పమనండి. ఎవరూ అడగని ప్రశ్న కదా, సంతోషంగా చెప్తారు.

వచ్చే ఆదివారం నేను మునుగోడు దగ్గర ఆరెకరాలు కొలవాలి. రావాలనుకున్నవాళ్లు మీ సార్‌కు పేరు ఇవ్వండి, ఇంట్లో చెప్పి రండి. పొద్దున ఆరున్నరకు మొదలుపెడతాం. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, అక్కడ తుమ్మముళ్లు ఎక్కువ. నీళ్ల బాటిల్, టోపీ తెచ్చుకోండి. అన్నం మా ఇంటి నుంచి వస్తుంది.