థార్ వెనక సీటు కూర్చోవడానికి కాదు, మా నాయన కోసం!

అనంతపురం నుంచి నమస్తే! మహీంద్రా వాళ్ల మూడు డోర్ల థార్ జీపులో వెనక సీట్లు పీకేశానని మొన్న షార్ట్ వీడియో పెట్టాను కదా, కామెంట్లలో ఒకటే గోల. "అన్నా, బండి సీజ్", "అన్నా, జైలే".

ఒక్క మాట చెప్తా, రాసిపెట్టుకోండి. ఆ సీటు మనుషులు కూర్చోవడానికి పెట్టింది కాదు. ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి పెట్టింది!

షోరూమ్‌లో మా నాయన మైలేజీ అడగలేదు, ఫోర్ బై ఫోర్ అడగలేదు. "ఎంతమంది పడతారురా?" అన్నాడు. నలుగురు అన్నాను. సరే అన్నాడు. ఇద్దరని ఉంటే ఆ పూటే బండి లేకుండా ఇంటికొచ్చేవాళ్లం.

రెండేళ్లలో ఆ సీట్లో కూర్చున్నది మా అత్త ఒక్కతే, కసాపురం ఆంజనేయస్వామి గుడికి పోయినప్పుడు. వెనక సీటుకు పక్క డోర్లు లేవు కదా, ముందు సీటు వంచి, కుచ్చిళ్లు పట్టుకుని దూరాలి. గుత్తి దాటేసరికి మోకాళ్లు పట్టేశాయి. దిగీ దిగగానే, "ఏమప్పా అల్లుడూ, మేకను ఎక్కించినట్టు ఎక్కిస్తివే!" వచ్చేటప్పుడు బస్సెక్కింది.

చట్టం సంగతి నాకూ తెలుసు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. ఆర్‌సీలో నాలుగు సీట్లని ఉంటే బండిలో నాలుగు ఉండాలి. పట్టుకుంటే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడికి ఇదొక వంక. కాదనను. కానీ అయ్యా, చెనిక్కాయల సీజన్లో ఒక్క ఆటోలో పన్నెండుమంది కూలీలు వేలాడుతూ పోతుంటే కనబడదు, నా బండిలో ఇద్దరు తక్కువైతే నేరమా? 2020లో కొత్త థార్ వచ్చినప్పుడు ఎదురెదురు బెంచీలతో ఆరు సీట్ల మోడల్ కూడా ఉండేది. తర్వాత కంపెనీయే దాన్ని ఆపేసింది. వాళ్లు తగ్గిస్తే సేఫ్టీ, నేను తగ్గిస్తే జైలు!

ఇక పీకే పని. బోల్టులు ఎర్రమట్టికి బిగుసుకుపోయి ఉంటాయి, ముందురోజు రాత్రే ఆయిల్ కొట్టి పెట్టండి. సీటు లేపితే కింద ఏముందనుకున్నారు? గుప్పెడు చెనిక్కాయ పొట్టు, ఒక రెండు రూపాయల బిళ్ల, మా అత్త వెతికి వెతికి వదిలేసిన పిన్నీసు! బోల్టు రంధ్రాలు మూయండి, లేకుంటే దుమ్మంతా లోపలికే. సీటును మడిస్తే చాలదా అంటారు. మడిచినా అది అక్కడే కదప్పా కూర్చునేది! ఇప్పుడైతే డ్రిప్ పైపు చుట్టలు పడతాయి, గండికోటకు పోతే టెంటూ స్టవ్వూ పడతాయి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. సామాను తాడుతో కట్టండి. నేను కట్టలేదు. తాడిపత్రి దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చి బ్రేక్ వేస్తే, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను వచ్చి నా సీటు వీపును గుద్దింది. వెనక సీటు ఉంటే అదే ఆపేది. ఈ ఒక్క పాయింటు మీకిచ్చేస్తున్నా, తీసుకోండి.

ఆ సీట్లేమయ్యాయని అడిగారు కదా? వసారాలో ఉన్నాయి. రోజూ పొద్దున మా నాయన అందులోనే కూర్చుని పేపర్ చదువుతున్నాడు.