మామూలు రోజున వినిపించే గొంతు

అందరికీ నమస్కారం.

చెన్నైలో తెలుగువాళ్లం ఎక్కడ కలుసుకున్నా ఆకాశవాణి మీద మనకొక పాత హక్కు ఉన్నట్టే మాట్లాడుకుంటాం. ఆ హక్కు నిజమైనదే. 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం మొదలైంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలకు తెలుగు రేడియో అంటే మద్రాసే. కవి, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో ఉద్యోగంలో చేరింది ఇక్కడే. ఈ సంగతులన్నీ మీకు తెలిసినవే కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను. ప్రజల డబ్బుతో నడిచే ఈ రేడియోలో, దూరదర్శన్‌లో ఎవరి గొంతు వినిపిస్తోంది, ఏ రోజున వినిపిస్తోంది అన్నదే నా ప్రశ్న.

చట్టంలో లోటు లేదు. ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే సంస్థ కోసం చేసిన 1990 నాటి ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్‌ను వీలైతే ఒకసారి చదవండి. వేర్వేరు ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగినంత చోటివ్వాలని, అంటరానితనం లాంటి దురాచారాలను ఎదుర్కోవాలని, మైనారిటీల, గిరిజనుల ప్రత్యేక అవసరాలు తీర్చాలని అందులో ఉంది. భిన్నాభిప్రాయాలను వినిపించాలి కానీ సంస్థ తనదంటూ ఒక సిద్ధాంతాన్ని ప్రచారం చేయకూడదని కూడా ఉంది. అంతకుముందే, 1995లో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇక్కడ మనం దయ చూపమని అడగాల్సిన పని లేదు.

ఇక ఆచరణలో ఏం జరుగుతోందో చూద్దాం. క్రిస్మస్‌కు ప్రత్యేక కార్యక్రమం, రంజాన్‌కు ఒక ప్రసంగం, అంబేడ్కర్ జయంతికి ఒక చర్చ. పొద్దున్నే భక్తిగీతాల్లో తలా ఒక పాట. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఒకే ఉదయం మూడు మతాల పాటలు వింటూ పెరగడం చిన్న విషయం కాదు. కానీ రంజాన్ నాడు పిలిచిన ముస్లిం రంజాన్ గురించే మాట్లాడతాడు. వరికి పట్టిన తెగులు గురించి, పిల్లల పరీక్షల టెన్షన్ గురించి, బడ్జెట్ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆయన పేరు ఎవరికీ గుర్తుకు రాదు. దళిత మేధావిని దళిత సమస్య మీదే పిలుస్తారు. మామూలు మంగళవారం నాడు, మామూలు విషయం మీద మాట్లాడటానికి పిలిచినప్పుడే ఒక మనిషి ఈ సమాజంలో మామూలు సభ్యుడిగా లెక్కలోకి వస్తాడని నా నమ్మకం.

వార్తల సంగతి ఇంకా సున్నితమైనది. ఘర్షణలు జరిగినప్పుడు మతాల పేర్లు చెప్పకుండా 'రెండు వర్గాల మధ్య' అనడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. గొడవ పక్క ఊరికి పాకకూడదన్న జాగ్రత్త అది, అందులో వివేకం ఉంది. అయితే గుడిలోకి అడుగు పెట్టినందుకు దళితులను కొట్టిన చోట కూడా అదే మాట వాడితే, కొట్టినవాళ్లూ దెబ్బలు తిన్నవాళ్లూ ఒకటైపోతారు. అంటరానితనాన్ని ఎదుర్కోవాలని చట్టం చెబుతుంటే, దాని పేరెత్తకుండా ఎదుర్కోవడం ఎలా?

1988లో జరిగిన ఒక సంగతి చెబుతాను. దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ పట్టాభిషేకంతో ముగియబోతోందని తెలిసి, ఉత్తరాదిలో పలుచోట్ల పారిశుద్ధ్య కార్మికులు పని ఆపేశారు. వాళ్లు వాల్మీకిని తమవాడిగా కొలిచే సముదాయం. సీతకు ఆశ్రయమిచ్చి, లవకుశులను పెంచిన వాల్మీకి కథ కూడా తెర మీదికి రావాలన్నారు. చివరికి ఉత్తర రామాయణం కూడా ప్రసారమైంది. దేశమంతా చూస్తున్న కథలో తమవాడు లేకపోవడం వాళ్లను అంతగా బాధించింది. అది చాదస్తమని అప్పుడు అన్నవాళ్లుంటే ఉండవచ్చు. నాకు మాత్రం అందులో పౌరుల హక్కు కనిపిస్తుంది.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 40 లక్షలకు పైనే. రేడియోలో మన తెలుగు ఎక్కువగా కీర్తనల్లోనే వినిపిస్తుంది. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన ప్రసారం మనందరికీ గర్వకారణం, నాకూ అంతే. కానీ ఈ నగరాన్ని ఊడ్చి శుభ్రం చేసే కార్మికుల్లో ఎందరో తెలుగువాళ్లు. ఆంధ్ర ప్రాంతం నుంచి తరాల కిందట వచ్చిన దళిత కుటుంబాలు వాళ్లవి. 2025 ఆగస్టులో చెత్త ఎత్తే పనిని ప్రైవేటుకు అప్పగించవద్దని కార్మికులు నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. 'చెన్నైలో తెలుగువాళ్లు' అనగానే వ్యాపారులు, సినిమావాళ్లు, సంగీత విద్వాంసులు గుర్తుకొస్తున్నారు తప్ప వీళ్లు గుర్తుకు రావడం లేదు. ఈ తప్పు రేడియోవాళ్లది మాత్రమే అనలేం. మన సభలకూ వీళ్లను పిలవడం లేదు కదా!

తెలుగు కార్యక్రమాలకు సమయం పెంచమని ఆకాశవాణికి వినతిపత్రం పంపుదామని మీలో కొందరు నాతో అన్నారు. తప్పకుండా పంపుదాం. అయితే సంగీతం, సాహిత్యంతో ఆపేయవద్దు. నగరంలో తెలుగు మాట్లాడే కార్మికులతో వారానికొక ముఖాముఖి ఉండాలని, జీతాల గురించి, పిల్లల బడుల గురించి వాళ్ల యాసలోనే వాళ్లు మాట్లాడాలని అందులో రాద్దాం. తెలుగు ముస్లింలు, తెలుగు క్రైస్తవులు పండగలతో సంబంధం లేని రోజుల్లోనూ కనిపించాలని రాద్దాం. ఎవరిని పిలవాలో నిర్ణయించే సలహా సంఘాల్లో వీళ్లకు చోటుండాలని కూడా రాద్దాం. ఆ కాగితం మీద మొదటి సంతకాలు ఈ కార్మికులుండే వ్యాసర్పాడి, పుళియాంతోపు వైపు వెళ్లి తీసుకుందాం. వచ్చే ఆదివారం నేను వెళ్తున్నాను, వీలున్నవాళ్లు నాతో రండి.