సీపీయూ మార్చాలె అంటే ఏది మార్చాలె?

(హనుమకొండలో ఫోటో, వీడియో, డీటీపీ, ఫ్లెక్సీ పనుల వాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు, వెనక వరుసలో కూర్చున్న చెల్లెళ్లకు నమస్కారం.

మన దగ్గర సీపీయూ అంటే డబ్బా మొత్తం. మానిటర్, కీబోర్డ్, మౌస్ పోగా టేబుల్ కింద కాళ్లకు తగిలే ఇనుప పెట్టెను మనం సీపీయూ అంటాం. పుస్తకాల ప్రకారం సీపీయూ అంటే ఆ పెట్టె లోపల, ఫ్యాన్ కింద కూర్చున్న అగ్గిపెట్టెంత చిప్పు. అదే ప్రాసెసర్. "అన్నా, సిస్టమ్ మస్తు స్లో అయింది, సీపీయూ మార్చాలె" అని ఎవరన్నా షాపుకొస్తే నేను ముందు అడిగేది ఏది మార్చాలె అని కాదు. "ఎక్కడ ఆగుతున్నవ్?" అని. ఆన్ చేసినప్పుడు ఆగుతున్నాడా, ఫైల్ తెరిచేటప్పుడా, ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడా? చాలామందికి జవాబు తెలియదు. స్లో అంతే అంటారు. కడుపు నొప్పి అని డాక్టర్ దగ్గరికి పోయి ఎక్కడ అంటే కడుపులో అన్నట్టు.

ఒకసారి ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. లెక్కలు రాసే కంప్యూటర్ పొద్దున బాగుంటది, మధ్యాహ్నానికి మొరాయిస్తది, కొత్త ప్రాసెసర్ వేయమన్నారు. మే నెల. రేకుల షెడ్డు. డబ్బా మూత తీశానో లేదో తుమ్ములు మొదలయ్యాయి, ఆపుకోలేకపోయాను. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో ఎర్రగా మిర్చి ఘాటు దుమ్ము పేరుకుపోయి ఉంది. గాలి పోయే దారే లేదు. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వేడి హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరికి వస్తే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బయటే 43, 44 డిగ్రీలు ఉండే మన ఎండల్లో, గాలాడని డబ్బాలో అది రోజూ జరిగే పని. దుమ్ము ఊదాను, ప్రాసెసర్‌కు, హీట్‌సింక్‌కు మధ్య ఎండి పెళుసైన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశాను. ఆయన ప్రాసెసర్ ఆయనకే మిగిలింది, నాకు ఛాయ్ మిగిలింది. రామగుండం, మంచిర్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు ఉంటే ఈ సంగతి మాకన్నా ఎక్కువ పట్టించుకోవాలి, అక్కడి ఎండ ఇంకో లెక్క.

దుమ్ము దులిపాక కూడా స్లోగా ఉంటే, ఏ భాగం ఎంత పనిచేస్తుందో చూపే టాస్క్ మేనేజర్ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే చాలు. మీరు విసుక్కునే పని ఏదో అదే చేస్తూ అంకెలు చూడండి. డిస్కు 100 శాతం, ప్రాసెసర్ 15 శాతం ఉంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. విండోస్ ఇంకా పాత హార్డ్‌డిస్కు మీదే నడుస్తోంది. దాని బదులు అంతకన్నా వేగంగా చదివే ఎస్ఎస్‌డీ వేయండి. మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్, అంటే చేస్తున్న పనిని పట్టి ఉంచే మెమరీ, చాలడం లేదు. ఈ రెండూ సరిచేశాక సగం మంది నా దగ్గరికి మళ్లీ రారు. నా వ్యాపారానికి ఇది మంచిది కాదు, అయినా చెప్తున్నాను.

ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. పని నత్తలా సాగుతుంటుంది, ప్రాసెసర్ మాత్రం 13 శాతం అని చూపిస్తుంటుంది. "ఇంకా 87 శాతం ఖాళీయే కదన్నా" అంటారు. కాదు. నాలుగు కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ నిండా పనిచేస్తే మొత్తం లెక్కలో అది ఎనిమిదో వంతు, అంటే పన్నెండున్నర శాతం. ఒక్కడు చెమటలు కక్కుతున్నాడు, మిగతా ఏడుగురు గట్టు మీద కూర్చున్నారు. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకుంటే ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో గడి విడివిడిగా కనిపిస్తుంది. పని ఒక గడి నుంచి ఇంకో గడికి దూకుతుంటుంది కాబట్టి కాస్త ఓపికగా చూడాలి.

నాట్లు వేసే రోజు గుర్తు చేసుకోండి. పది మంది దిగితే పొద్దుగూకే లోపు మడి అయిపోతుంది. కానీ నారు పీకి, కట్టలు కట్టి, మోసుకొచ్చేవాడు ఒక్కడే అయితే ఇరవై మందిని దింపినా వాడి కోసం ఎదురుచూడాల్సిందే. కంప్యూటర్లలో ఈ లెక్కను 1967లో జీన్ ఆమ్డాల్ అనే ఇంజనీరు చెప్పాడు. పనిలో సగం భాగం పంచడానికి వీల్లేనిదైతే ఎన్ని కోర్లు పెట్టినా మొత్తం వేగం రెట్టింపు దాటదు. కాబట్టి కోర్లు ఎన్ని అని అడిగే ముందు, నా పని పంచుకునే పనేనా అని అడగాలి.

డీటీపీ అన్నలు ఇది గట్టిగా పట్టుకోవాలి. మనలో ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు కొట్టేవాళ్లు ఉన్నారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దానికి మీరు పన్నెండు కోర్ల ప్రాసెసర్ తెచ్చిపెడితే తాతకు రేసు బైకు కొనిచ్చినట్టే. మీకు మార్పు అవసరం లేదు. ఫ్లెక్సీ వాళ్లది వేరే కథ. ఇరవై అడుగుల బ్యానర్ ఫోటోషాప్‌లో తెరిస్తే ముందు ర్యామ్ నిండుతుంది, తర్వాత డిస్కు మొదలవుతుంది, ప్రాసెసర్ వంతు వచ్చేది ఆ రెండింటి తర్వాతే.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకే నిజంగా ప్రాసెసర్ బాధ ఉంది. కానీ ఆ బాధ వాళ్లు అనుకునే చోట లేదు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు 4కే వీడియోను హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో, 10 బిట్ 4:2:2 అనే ఎక్కువ వివరం ఉన్న రంగులతో రాయగలవు. ఫైలు చిన్నదే, విప్పడమే కష్టం. పట్టుచీరను పిడికెడు మడతకు మడిచి డబ్బాలో కుక్కినట్టు. టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే పట్టీ) మీద మీరు కర్సర్ జరిపిన ప్రతిసారీ ఆ చీర విప్పాలి. కోర్లే ఆ పని చేయాల్సి వస్తే ఎనిమిది కోర్లు కూడా రొప్పుతాయి. ఇంటెల్ 11వ జనరేషన్ (తరం) నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఈ రకం ఫైలు విప్పడానికే విడిగా ఒక భాగం ఉంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో 4:2:2 విప్పే భాగం 50 సిరీస్‌లోనే వచ్చింది. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకునే వెర్షనే అయి ఉండాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండదు. 12400 మోడల్ వేరు, 12400ఎఫ్ వేరు. నాకు తెలిసిన ఒక స్టూడియో తమ్ముడు కొంచెం డబ్బు మిగులుతుందని ఎఫ్ తెచ్చుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ ఉంది కదా అన్నాడు. డిస్‌ప్లే వచ్చింది, టైమ్‌లైన్ మాత్రం కదల్లేదు. వాడి పాత కార్డుకు ఆ మడత విప్పడం రాదు. ప్రాక్సీలు చేసుకో అన్నాను. అంటే చిన్న సైజు నకళ్ల మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లకు కలపడం. పైసా ఖర్చు లేని ఆ పని ముందే చేసుంటే వాడికి కొత్త ప్రాసెసరే అక్కర్లేకపోయేది. ఆ మాట మొహం మీద అనలేదు, ఇప్పుడంటున్నాను. వాడు ఈ రోజు రాలేదు.

సరే, తప్పు ప్రాసెసర్‌దే అని తేలింది. అప్పుడు చూడాల్సింది మన మదర్‌బోర్డులో, అంటే ప్రాసెసర్, ర్యామ్ అన్నీ కూర్చునే పలకలో, ఏది పడుతుందని. ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్‌లో 2, 3 జనరేషన్లకు 1155 సాకెట్, 4కు 1150, 6, 7లకు 1151. 8, 9 జనరేషన్లకూ 1151 అనే రాసి ఉంటుంది, 7 బోర్డులో 8 సరిగ్గా కూర్చుంటుంది కూడా. కానీ సిస్టమ్ లేవదు. 10, 11కు 1200, 12 నుంచి 14 దాకా 1700. అంటే చాలాసార్లు ప్రాసెసర్ మార్చడం అంటే బోర్డు, ర్యామ్ కూడా మార్చడమే. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో కొన్నవాళ్లకు తెలుసు. 12, 13, 14 జనరేషన్లకు డీడీఆర్4 అనే పాత రకం ర్యామ్ పట్టే బోర్డులూ ఉన్నాయి, ఉన్న డీడీఆర్4 ర్యామ్ పనికొస్తుంది. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ల ఏఎమ్5 సాకెట్ బోర్డుకు పోతే కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ కొనక తప్పదు.

ఏఎమ్‌డీ పాత సాకెట్ ఏఎమ్4 బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2017 నాటి మొదటి రైజెన్ (ఏఎమ్‌డీ ప్రాసెసర్ల పేరు) నుంచి 5000 సిరీస్ దాకా అదే సాకెట్. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు పట్టే ప్రాసెసర్ల జాబితా చూసి, బోర్డును లేపే సాఫ్ట్‌వేర్ బయాస్‌ను అప్‌డేట్ చేసి, పాత రైజెన్ 3 తీసి రైజెన్ 5 5600 పెడితే ఎడిటింగ్ సిస్టమ్‌కు కొత్త ప్రాణం వస్తుంది. బయాస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. తీసేశాక గుర్తొస్తే మళ్లీ పాతదే పెట్టాలి. కూలర్ తీసేముందు సిస్టమ్‌ను పది నిమిషాలు నడిపి, ఆపేసి, పేస్ట్ మెత్తగా ఉండగా మెల్లగా తిప్పి తీయండి. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. నేనొకసారి చల్లగా ఉన్నప్పుడు కూలర్ నిలువునా గుంజితే, ఎండిన పేస్ట్‌కు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చింది. వంగిన పిన్నులను సూదితో నిలబెడుతూ కూర్చున్న ఆ రాత్రి నాకింకా యాదికుంది.

ఇంకో మాట: ఇంటెల్ పేర్లలో ఐ5 అనేది హోదా కాదు. 2012 నాటి ఐ5 3470 కన్నా 2022 నాటి ఐ3 12100 చాలా ముందుంటుంది. "మాది ఐ5 అన్నా" అంటే ఎన్నో జనరేషన్ అని అడగక తప్పదు. సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ కొనడానికి భయపడక్కర్లేదు, చిప్పు అంత తొందరగా పాడవదు. ఇంటెల్ 13, 14 జనరేషన్ పెద్ద ప్రాసెసర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. వాటిలో వోల్టేజ్ సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుంది, బయాస్ అప్‌డేట్‌తో వచ్చే, దాన్ని సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. బయాస్ అప్‌డేట్ చేయకుండా వాడినది మాత్రం తీసుకోకండి.

వేగం బాగానే ఉన్నా మార్చాల్సిన సందర్భం ఒకటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 లెక్క ప్రకారం ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచి, రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి కావాలి. నెట్ లేకుండా ఆల్బమ్‌లు మాత్రమే చేసే సిస్టమ్‌కు దీనితో టెన్షన్ లేదు. జనం ఆధార్ కాపీలు, బ్యాంకు లాగిన్లు నడిచే సిస్టమ్ అయితే మాత్రం వాయిదా వేయకండి.

ఇక ఎప్పుడు మార్చాలి? మన పనివాళ్లకు దీనికి ముహూర్తం మూఢమే. లేదంటే ఆషాఢం. రేపు పెళ్లి వీడియో ఇవ్వాల్సి ఉండగా ఇవాళ డబ్బా విప్పకండి. ఫ్లెక్సీ వాళ్లు మేడారం జాతరకు నెల ముందు స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. మార్చిన రోజు సిస్టమ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు అడుగుతుంది, విండోస్ యాక్టివేషన్ అడుగుతుంది, ఫాంట్ సాఫ్ట్‌వేర్ లాక్ ఒకటి ఎక్కడో బయటపడుతుంది. వారం ఖాళీ ఉండాలి.

చాలాసేపు మాట్లాడాను. ఆ మూలన కూర్చున్న అన్న మోటార్‌సైకిల్ మీద కట్టుకుని తన సీపీయూ ఇక్కడికే తెచ్చాడు, ప్రాసెసర్ మార్చాల్సిందే అని పొద్దుటి నుంచి అంటున్నాడు. ఎవరన్నా ఒక మానిటర్ ఇటు జరపండి, ఆన్ చేసి ఆయన పని ఆయనతోనే చేయించి చూద్దాం. స్క్రూడ్రైవర్ ఇంకా నా జేబులోనే ఉంది.